నూనె రాసిన వెదురు

పొద్దున్న ఆరున్నరకి రేపల్లె దాటాక మా పట్టాళం ట్రక్కు ఆగిపోయింది. తొంభైల మొదట్లో, తుఫాను వెళ్లిన మూడో రోజు. సన్నగా వాన పడుతోంది. ఎదురుగా మురుగు కాలువ. దాని మీది చప్టా కొట్టుకుపోయింది. అవతల నలభై గడప. తాటిదుంగ మీద మనిషి దాటగలడు, మంచం దాటదు.

ఆర్డరు: పన్నెండు రోజుల్లో ఎనిమిదడుగుల స్లాబు. సిమెంటు బాపట్ల నుంచి వచ్చింది. ఇనప కడ్డీలు రాలేదు. రేడియోలో అడిగితే జవాబు: "కడ్డీలు లేవు. వాటి బదులు వెదుళ్లు పంపుతున్నాం. కానివ్వండి. ఓవర్."

అవతలి తాపీమేస్త్రి ఏసోబు మాతో పనికి దిగాడు. అరవై దాటిన మనిషి. ఆయన కూతురికి తొమ్మిదో నెల, బిడ్డ అడ్డం తిరిగింది. నొప్పులు మొదలయ్యేలోపు రేపల్లె ఆస్పత్రికి మంచం మీదే మోసుకురావాలి.

నేను తెనాలివాణ్ణి, సోకు ఎక్కువ, పైగా పట్టాళం అలవాటు. వెదుళ్లన్నీ నున్నగా గీకి, తుపాకీకి రాసే నూనె పట్టించి మెరిపించాను. ఏసోబు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఓరి నాయనా! పెరేడుకి తీసుకెళ్తావా ఏంటి బాబూ? మాలు దీన్ని ఎట్టా పట్టుకుద్ది?"

నాకు రోషం వచ్చింది. పందెం అన్నాను. రెండు పాలడబ్బాల్లో సిమెంటు మాలు పోశాం. ఒకదాన్లో నా వెదురు ముక్క. రెండోదాన్లో ఆయనది: వేడి తారు పూసి, ఆరకముందే ఇసుక చల్లింది.

"వెదురు మాలులో నీళ్లు తాగి ఉబ్బుద్ది, ఎండాక ముడుచుకుని వదులైపోద్ది. తారు తాగనివ్వదు. ఇసుక జారనివ్వదు," అన్నాడు.

మూడో రోజు లాగాం. నాది చేతిలోకి ఊడొచ్చింది. ఆయనది మా హవల్దారూ నేనూ కలిసి లాగినా కదల్లేదు, డబ్బాతో సహా లేచింది. హవల్దారు అక్కడికక్కడే ఆయనకి సెల్యూట్ కొట్టాడు. నేను సిగ్గుతో చచ్చాను. నా వెదుళ్లన్నీ పక్కన పడేసి, కొత్తవాటికి ఇద్దరం కూర్చుని తారు పూశాం. అంత ఓపిగ్గా నేర్పిన ఆఫీసరు నాకు సర్వీసులో తగల్లేదు.

స్లాబు పోసి, తడిగడ్డి కప్పి ఏడు రోజులు ఆగాం. పన్నెండో రోజు పొద్దున్న ఎనిమిదింటికి కింది ఊతాలు తీసేశాం. ఏసోబు కూతుర్ని పడుకోబెట్టిన మంచాన్ని నలుగురం ఎత్తాం. ఏసోబు కనిపించలేదు. వంగి చూస్తే ఛాతీలోతు నీళ్లలో, స్లాబు కింద భుజం ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏంటి తాతా, నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

"దాని మీద నమ్మకమే బాబూ. పైన నా కూతురు కదా! నడవండి."

దాటాం. స్లాబు కిర్రుమనలేదు. ఆ సాయంత్రం రేపల్లె నుంచి రేడియోలో, "తల్లీబిడ్డా క్షేమం. ఓవర్," అని వినగానే గట్టిగా ఏడ్చాను.

మర్నాడు తెనాలి మీదుగా వెనక్కి వెళ్లిపోయాం. ఇప్పటికీ ఏ వంతెన ఎక్కినా ఒకసారి కిందికి వంగి చూస్తాను. నీళ్లలో ఏసోబు భుజం కనిపిస్తుంది.