పిట్టకి రాసిన వ్యాఖ్యానం

కాలేజీ రోజుల్లో టీవీకి తగిలించి ఆడిన ఒక పాత కంప్యూటర్ ఆట లోపల ఏముందో చూద్దామని ఈమధ్య బందరులో మా ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాను. అందుకు డిజాసెంబ్లర్ అనే ప్రోగ్రాం ఉంది. యంత్రానికి మాత్రమే తెలిసే అంకెలను మనిషి చదవగల ఆదేశాలుగా మార్చి చూపిస్తుంది. కొంతదూరం బాగానే నడిచింది. తరవాత ఒకచోట ఆ ఆదేశాలకు పిచ్చెక్కింది. తెచ్చిన అంకెను వాడకుండా పారేయమంటాయి, లేని చోటికి దూకమంటాయి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయమంటాయి.

పన్నెండు రోజులు వాటితో కుస్తీ పట్టాను. ప్రతి ఆదేశానికీ నోటుబుక్కులో కారణం రాసుకున్నాను. 'ఇక్కడ కావాలనే ఆలస్యం చేస్తున్నాడు.' 'ఇది దొంగ కాపీలు ఆపడానికి.' ఆ ఆట రాసినవాడు ఒకరోజు మేధావిలా కనిపించాడు, మర్నాడు వెధవలా కనిపించాడు. అన్నానికి పిలిచినందుకు మా ఆవిడ మీద విసుక్కున్నాను.

చివరికి ఆట ఉన్న పాత టేపు క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడంలోనే తప్పు జరిగిందేమోనని, ఆ భాగాన్ని వరసకు ఎనిమిది చొప్పున సున్నాలు, ఒకట్లుగా ప్రింటు తీశాను. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే మా బావ ఆ రోజు ఇంటికొచ్చాడు. ఇదేమిటో అర్థం కావట్లేదని చెబితే కాగితం అందుకుని, చేతులు ఊరుకోక, ఒకట్ల మీద పెన్సిల్ రుద్దాడు.

"ఇందులో అర్థం కానిదేముంది బావా? పిట్ట కదా," అన్నాడు.

పిట్టే. పైన రెక్కలు చాచింది, కింద ముడిచింది, ఆ కింద మళ్లీ చాచింది. ఆ ఆటలో నేను వందలసార్లు కాల్చి పడేసిన పిట్ట. ఆటలో బొమ్మలు కూడా అంకెలుగానే దాచి ఉంటాయి; బొమ్మను ఇచ్చినా డిజాసెంబ్లర్ ఆదేశాలుగానే చదువుతుంది. దానికి బుద్ధి లేదు.

నాకు ఉందనుకున్నాను. ఆ పిట్టకి పద్దెనిమిది పేజీల అర్థం రాశాను.