చుప్ అంటే సూపు అనుకున్నాను

నిన్న మా బెంగాలీ రైల్వే ఊళ్లో, మలంచా రోడ్డు మీద మా నాలుగేళ్ల మనవరాలు పడిపోనాది. మోకాలు గీరుకుపోయి ఏడుస్తుంటే మా అబ్బాయి "చుప్!" అని కసిరినాడు. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్లు మండిపోయింది.

రైల్వే క్వార్టర్లలో నాతో పెరిగినోళ్లూ, మన పిల్లలబడి గుర్తుందా? తడి పలకలు, గోనెపట్టాలు, కిటికీలోంచి వచ్చే బొగ్గు పొగ వాసన? అక్కడే, నాకూ నాలుగేళ్లప్పుడు, మెట్టు మీద పడి మోకాలు చిట్లింది. "అమ్మా" అని ఏడుస్తుంటే బెంగాలీ దీదీమణి, అదే మన టీచరమ్మ, వచ్చి "చుప్!" అన్నాది. నోర్ముయ్ అని అర్థం. నాకు తెలుగు తప్ప ముక్క రాదు. దెబ్బ తగిలితే ఇంట్లో మామ్మ "ఏదీ, సూపు" అని ఊదేది. ఈవిడా అదే అడుగుతున్నాదనుకుని గౌను ఎత్తి సూపినాను. "చుప్!" అని మళ్లీ అరిచింది. సరిగ్గా కనబడలేదేమోనని ఇంకా దగ్గరికెళ్లి సూపినాను.

రూళ్లకర్రతో ఆ మోకాలి మీదే కొట్టీసినాది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఏటన్నాదో తెలుసా? "నువ్వేటి సేసినావే?"

నాలుగేళ్ల పిల్ల ఏటి సేస్తాది? భయపెట్టి నోరు మూయించడాన్ని క్రమశిక్షణ అన్నారు, సిగ్గులేకుండా! ఆ రోజు నుంచి ఎక్కడ నొప్పెట్టినా ఎవరికీ సూపలేదు నేను. కట్టుకున్నోడికి కూడా.

అందుకే నిన్న మా అబ్బాయి వైపు తిరిగి "నువ్వు చుప్" అన్నాను. రోడ్డు పక్కనే కూలబడి, పిల్లని దగ్గరికి తీసుకున్నాను.

"ఏదీ తల్లీ, సూపు."