చెరువు ఎవరిదండీ?

గంగారత్నం కొల్లేటి లంకలో పుట్టి, ఏలూరులో కర్రీ పాయింటు పెట్టుకుంది. ఆమె చేపల పులుసు కోసం మధ్యాహ్నం పన్నెండు కాకుండానే జనం క్యారేజీలతో నిలబడేవారు. పులుసు కుదిరినంత చక్కగా కాపురం కుదరలేదు. చేపల చెరువు లీజుకి చేసే భర్త జగదీష్ భీమడోలులో ఇంకో ఇల్లు పెట్టాడని తెలిసిన నెలలోనే ఆమె విడాకులకి వేసింది.

వేశాక ఒక విచిత్రం గమనించింది. అమ్మకం బ్రహ్మాండంగా ఉంది, బ్యాంకులో మాత్రం ఏమీ మిగలడం లేదు. కౌంటరు మీద అంటించిన, జనం ఫోన్లతో డబ్బు కట్టే క్యూఆర్ స్టిక్కరు మొగుడూ పెళ్లాల జాయింటు ఖాతాది. ఇక్కడ జనం పులుసు కొంటుంటే, అక్కడ జగదీష్ కాలు మీద కాలేసుకుని ఆ డబ్బు తీసేసుకుంటున్నాడు.

లాయరు పుష్పలత ఆ మాట విని తల పట్టుకుంది.

"ముందు నీ ఒక్కదాని పేరున ఖాతా తెరువమ్మా. పాత ఖాతాలోంచి ఇద్దరి సంతకాలు లేనిదే పైసా కదలకూడదని బ్యాంకుకి రాసివ్వు. పాత స్టేట్‌మెంట్లన్నీ తీసుకో. బంగారం లాకర్లో పెట్టు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, ఏదీ దాచకు, ఎవరి పేరునా రాయకు."

స్టిక్కరు మారింది. లాకరు సంగతి తెలిసి అన్నయ్య మంగరాజు పరుగున వచ్చాడు.

"లాకరెందుకే రత్నం, డబ్బు దండగ! నేను లేనూ?"

"నువ్వున్నావనే లాకరు, అన్నయ్యా."

మంగరాజు అలిగి, పులుసు పొట్లం మాత్రం మర్చిపోకుండా పట్టుకెళ్లాడు.

కోర్టులో ఆస్తుల అఫిడవిట్ ఇమ్మన్నారు. గంగారత్నం గ్రైండరుతో మొదలుపెట్టి అట్లకాడ దాకా చెప్పబోతే "గరిటెలు వదిలెయ్యమ్మా" అంది పుష్పలత. జగదీష్ మాత్రం మెడలో గొలుసు చొక్కాలోకి తోసుకుంటూ వినయంగా చెప్పాడు.

"నాకేమీ లేదండి. చెరువు మధుబాబుదండి. నేనక్కడ కూలికి పోతానండి."

మధుబాబు అతని ప్రాణస్నేహితుడు. విడాకుల మాట మొదలవగానే లీజు కాగితాలు అతని పేరున మార్పించేశాడు జగదీష్. పెళ్లానికి పైసా దక్కదన్న ధీమాతో హాయిగా నిద్రపోయాడు.

తర్వాత చెరువులో చేపలు పట్టుబడికొచ్చాయి. లారీ నిండా శీలావతి, బొచ్చె ఎత్తారు. మధుబాబు డబ్బు జేబులో వేసుకుని, జగదీష్ చేతిలో ఆరోజు కూలి పెట్టాడు.

"ఇదేంట్రా?"

"కూలి. కోర్టులో నువ్వే చెప్పావంట కదా."

మర్నాడు మధ్యాహ్నం రద్దీ మధ్యలో జగదీష్ కర్రీ పాయింటు ముందు ప్రత్యక్షమయ్యాడు. చేపలు తిన్నవాడిలా లేడు, ముల్లు మింగినవాడిలా ఉన్నాడు.

"రత్నం, ఊళ్లో పెద్దల్ని కూర్చోబెడుతున్నాను. చెరువు నాదేనని నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలి."

గంగారత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. "చెరువు మీది కాదని ప్రమాణం చేసింది మీరే కదండీ?"

"అది కోర్టులో! పెద్దల ముందు అబద్ధం ఆడకూడదు కదా."

క్యారేజీ పట్టుకుని నిలబడ్డ మాస్టారు ఒకాయన పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. గంగారత్నానికి నవ్వు, కోపం కలిసి వచ్చాయి. చివరికి అంది:

"అదే మాట ముందు కోర్టులో చెప్పండి. చెరువు లీజు డబ్బు మన జాయింటు ఖాతాలోంచే వెళ్లింది. ఆ స్టేట్‌మెంట్లు నా దగ్గరున్నాయి, తెస్తాను."

వేరే దారి లేక జగదీష్ కొత్త అఫిడవిట్ వేశాడు. జడ్జిగారు కళ్లద్దాలు పైకి తోసి చూశారు. "మొన్న కూలి, ఇవాళ యజమాని. ఇంత తొందరగా పైకొచ్చినవాణ్ణి నేను చూళ్లేదు. ఇంకోసారి అబద్ధం చెబితే ఊరుకోను."

స్టేట్‌మెంట్లు చూశాక మధుబాబు లీజు కాగితాలు తిరిగి రాసిచ్చేశాడు. చెరువు జగదీష్‌కి తిరిగొచ్చింది. రాజీలో గంగారత్నానికి రావలసిన వాటా వచ్చింది, విడాకులూ వచ్చాయి.

ఆరోజు కోర్టు మెట్లు దిగుతూ ఆమె కళ్లు తుడుచుకుంది. గెలిస్తే సంతోషంగా ఉంటుందనుకుంది. ఉంది కూడా, కానీ ఎక్కడో కాస్త చివుక్కుమంది.

"ఏమ్మా?" అంది పుష్పలత.

"ఏం లేదు మేడమ్. రేపటికి కొరమేను చెప్పాలి. ఆలస్యమైతే మంచివన్నీ అయిపోతాయి" అంటూ ఆటో కోసం చెయ్యి ఊపింది.