ఫోల్డరు భాయ్‌ది, ఫైళ్లు నావి

మా ఇన్‌స్టిట్యూట్‌లో తాజుద్దీన్ భాయ్‌ని పిసినారి అనని వాళ్లు లేరు. డబ్బు విషయంలో కాదు, పర్మిషన్ల విషయంలో. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో మా సర్వర్‌ని పన్నెండేళ్లుగా చూసుకుంటున్న మనిషి. ఫలానా ఫోల్డరు కావాలని మెయిలు పెడితే, చదవడానికా రాయడానికా అని ఎదురు ప్రశ్న వచ్చేది. రాయడానికి అంటే, ఎందుకని ఇంకో ప్రశ్న. అడగందే అమ్మైనా పెట్టదంటారు, భాయ్ అడిగినా పెట్టడు. రెండుసార్లు ఆయనతో గట్టిగానే పోట్లాడాను. ఆయనది నిజామాబాద్, నాది ఖమ్మం, మనవాళ్లని కాస్త చూసీ చూడనట్టు వదిలేయొచ్చుగా అని నా ఉక్రోషం.

దానికి తోడు పొదుపు. సర్వర్‌లో ప్రతి మనిషికీ పేరుతో పాటు ఒక నంబరు ఉంటుంది. ఫైలు మీద యజమానిగా పడేది నిజానికి ఆ నంబరే, పేరు మనం చదువుకోవడానికి. ఎవరైనా మానేస్తే, వాళ్ల ఫైళ్లన్నీ తీసేశాక ఆ నంబరు వృథా పోవడం ఎందుకని తర్వాత వచ్చినవాళ్లకి ఇచ్చేవాడు. నంబర్లకేం కరువు? అయినా ఆయనకి అదో తృప్తి.

2020 మార్చిలో అక్క పెళ్లికని ఖమ్మం వెళ్లి, విమానాలు ఆగిపోయి అక్కడే ఇరుక్కున్నాను. ఏప్రిల్‌తో నా కాంట్రాక్టు అయిపోయింది. పొడిగించడానికి ప్రొఫెసరు సిద్ధమే. కానీ జర్మనీ కదా, కాగితం మీద సిరాతో సంతకం కావాలి. పోస్టేమో నడవడం లేదు. మే ఒకటిన రూలు ప్రకారం నా ఖాతా మూసేశారు. మూసిన ఖాతాలోని ఫైళ్లు తీసేస్తారు, వాటికి బ్యాకప్ ఉండదు. గాలిమర రెక్కల పదార్థం ఎన్ని కుదుపులకి పగులుతుందో మూడేళ్లు కొలిచిన కొలతలు, అంటే నా పీహెచ్‌డీ మొత్తం, ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. నాకు అన్నం సహించలేదు. కంగారు పడొద్దని ప్రొఫెసరు రాశాడు, ఆయనకేం పోయింది. భాయ్ మాత్రం, ఫోల్డర్లన్నీ తన పేరు మీదికి మార్చుకున్నానని, లోపలి ఫైళ్లు ముట్టుకోలేదని, నిమ్మళంగా రమ్మని రాశాడు.

జూన్‌లో నవ్యశ్రీ అని కొత్తమ్మాయి చేరింది. అప్పటికి అందరూ ఇళ్ల నుంచే పని. భాయ్ తన భార్య రజియా ఆపా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకున్నాడు. ఏ నంబరు ఎవరికీ ఇవ్వకూడదో రాసుకున్న జాబితా ఆఫీసులో గోడకి అంటించి ఉంది. కంప్యూటర్‌లో చూస్తే నా పేరు లేదు, నా నంబరు ఖాళీగా కనపడింది. అలవాటు కొద్దీ అదే ఆ అమ్మాయికి ఇచ్చేశాడు. అంతే, నా ఫైళ్లన్నిటికీ యజమాని నవ్యశ్రీ అయిపోయింది.

చేరిన నాలుగో రోజే, మీ వాటా దాటిపోయారు, డిస్కు ఖాళీ చేయండి అని సర్వర్ నుంచి ఆమెకి హెచ్చరిక వెళ్లింది. పాపం బుద్ధిమంతురాలు. ఎవరో పెట్టిన పాత నమూనాలు కాబోలనుకుని, తన పేరు మీదున్న పాత ఫైళ్లన్నీ తీసేయమని ఒక్క కమాండ్ కొట్టింది. అనుమతి లేదు, అనుమతి లేదు అంటూ నలభై ఒక్క వేల లైన్లు తెర మీద పరిగెత్తాయి. ఒళ్లు మండి భాయ్‌కి మెయిలు పెట్టింది, నా ఫైళ్లు నేనే తీసేసుకోలేకపోతే ఇదేం సర్వరని.

ఆ మెయిలు చూసి భాయ్ కంచం ముందు నుంచి లేచిపోయాడని రజియా ఆపా తర్వాత నాకు చెప్పింది. ఫైలు తీసేసే అధికారం ఫైలు యజమానిది కాదు, అది ఉన్న ఫోల్డరు ఎవరిదైతే వాళ్లది. ఫోల్డర్లు భాయ్‌వి కాబట్టి ఒక్క ఫైలూ పోలేదు. ఆ అమ్మాయికి వేరే నంబరు ఇచ్చి, తప్పు నాదేనని అందరికీ మెయిలు పెట్టాడు.

సెప్టెంబరులో తిరిగొచ్చి, సిరాతో సంతకం పెట్టి, సర్వర్ గదికి వెళ్లాను. భాయ్ నా ఖాతా మళ్లీ తెరవక ముందే, మాస్కులోంచి, దూరంగా నిలబడి, జరిగిందంతా తన నోటితోనే చెప్పాడు. అందరికీ పెట్టిన ఆ మెయిలు మూసేసిన నా ఖాతాకి రాలేదు, ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. మూడేళ్ల కష్టంతో ఆటలా అని కేకలేశాను. తల దించుకుని విన్నాడు. అరిచి అరిచి అలిసిపోయాక అడిగాను.

"ఆఫీసువాళ్లే నన్ను తీసేశారు. నా ఫైళ్లు మీరెందుకు భాయ్ దాచిపెట్టారు?"

"ఖాతా బంద్ చేసుడు ఆఫీసు పని," అన్నాడు. "కొలిచింది నువ్వు గదమ్మా. అది బంద్ చేసే రూలు యాడున్నది?"

నా పాత నంబరు మీదే ఖాతా తెరిచి, కమాండ్ కొట్టి, లేచి కుర్చీ నా వైపు తిప్పాడు. తెర మీద ఫైళ్ల జాబితా దిగుతోంది. ఐదు నెలలుగా నా పేరు జర్మనీలో ఏ కాగితం మీదా లేదు. ఇక్కడ లైను తర్వాత లైను, యజమాని స్నిగ్ధ, స్నిగ్ధ, స్నిగ్ధ. ఆపుకోలేక ఏడ్చేశాను. మాస్కంతా తడిసిపోతే, భాయ్ పెట్టె విప్పి కొత్తది తీసిచ్చాడు.