సరోజనక్క నడిపించిన కంప్యూటర్లు, మీరు వేసిన తాళం

నిన్న పొద్దున వాట్సాప్ తెరిస్తే సరోజనక్క ఫోటోతో ఒక ఫ్లెక్స్ వచ్చింది.

ఏదో సన్మానం చేస్తున్నారేమో అనుకున్నాను. పోనీలే, ఇన్నాళ్లకైనా గుర్తొచ్చింది అనుకున్నాను.

తర్వాత దండ చూశాను.

చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి మళ్లీ చదివాను. రాత్రి గుండెపోటు. కరీంనగర్ తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

ఫ్లెక్స్ కింద మన కులసంఘం పెద్దల ఫోటోలు ఐదు. అక్క ఫోటో కంటే అవే పెద్దగా ఉన్నాయి.

"సంఘానికి తీరని లోటు" అని రాశాడు కార్యదర్శి. పేరు రాయను. ఇది చదువుతున్నావని తెలుసు. పూర్తిగా చదువు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. సరోజనక్క, నేను చొప్పదండిలో ఇదే కార్యదర్శి పవర్‌లూమ్ షెడ్డులో పక్కపక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేవాళ్లం. అక్క ఏడో తరగతి వరకే చదివింది. అప్పటికి యాభై దాటింది.

సంఘం భవనంలో ఎవరో దానం ఇచ్చిన ఆరు పాత కంప్యూటర్లు దుమ్ము పట్టి పడి ఉండేవి. ఆన్ చేస్తే పావుగంటకు గానీ తెరుచుకునేవి కావు. పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామని కమిటీ తీర్మానం చేసింది.

అక్క వెళ్లి, "జర ఆగుండ్రి. నేను సూస్త" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది కూడా రాయాలి కదా.

ఫోన్‌లో వీడియోలు చూసి విండోస్ బదులు కంప్యూటర్‌లో వేసుకునే లినక్స్ అని ఒకటి ఉందని తెలుసుకుంది. ఫ్రీ. పాత మిషన్ల మీదా నడుస్తుంది. అందులో బోలెడు రకాలు. కరీంనగర్‌లో ఒక షాపులో మూడు పెన్‌డ్రైవ్‌లలో మూడు రకాలు ఎక్కించుకుని వచ్చింది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, నచ్చితేనే లోపల వేసుకోవచ్చు.

మొదటిది చూడ్డానికి బాగుంది. కానీ ఆ ముసలి మిషన్ మోయలేకపోయింది, బాణం గుర్తు కూడా కదలలేదు.

రెండోది చకచకా నడిచింది. కానీ తెర మీద ఏది ఎక్కడుందో అర్థం కాలేదు.

మూడోది మింట్. కింద మూలన మెనూ, నొక్కితే అన్నీ వరుసగా. పక్కన కూర్చోబెట్టి నన్నే నొక్కమంది.

"నాకు భయమైతుందక్కా. ఖరాబైతే?"

"ఖరాబైతే మళ్ల ఏస్తం. గంతదానికి బుగులెందుకు? నువ్వు ఎవల్నడగకుంట తెర్సినవంటే ఇదే మనకు పనికొచ్చేది."

నేను తెరిచాను. అలా నిర్ణయమైంది.

ఐదింటిలో వేసింది. ఆరోది అసలు ఆన్ కాలేదు. తీరా చూస్తే వైఫై గుర్తే లేదు. భవనంలో నెట్ ఉంది, కంప్యూటర్లకు మాత్రం కనబడదు.

కార్యదర్శి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నెట్ రాని డబ్బలేం జేస్కుంటవ్ సరోజనా? పోయి కండెలు సుట్టుకోపో."

అక్క మర్నాడు తన ఫోన్‌ను ఛార్జింగ్ వైర్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసింది. ఫోన్ నెట్ కంప్యూటర్‌లోకి వచ్చింది. మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే, వైఫై పని చేయడానికి కావాల్సిన చిన్న ప్రోగ్రామ్ అదే చూపించింది. ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టింది.

మూలన వైఫై గీతలు నిండుగా వచ్చాయి.

"వచ్చిందే లతా!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఇప్పటికీ చుర్రుమంటుంది.

ఓపెన్ స్కూల్ టెన్త్ అప్లికేషన్‌కు ఆ సాయంత్రమే లాస్ట్ డేట్. అక్క నన్ను లేవనివ్వలేదు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నా ఫారం నేనే నింపాను. ఇవాళ మంచిర్యాల ఆస్పత్రిలో కౌంటర్‌లో కూర్చుంటున్నానంటే ఆ ఫారమే కారణం.

మిగతా నాలుగూ అలాగే చేసింది. తర్వాత మీరేం చేశారు?

రిబ్బన్ కట్ చేశారు. "మా కమిటీ కృషి" అని మైకులో చెప్పుకున్నారు. అక్క వెనక కుర్చీలు వేస్తోంది. స్టేజీ మీదికి పిలవలేదు.

రెండు నెలలకు ఆడవాళ్లు గుంపు కడుతున్నారని గదికి తాళం వేశారు. పెన్షన్ ఫారాలు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు నింపుకోవడం గుంపు కట్టడమట!

అక్క మీటింగులో లేచి అడిగింది. "ఎవలనడిగి తాళమేసినవ్?"

"నువ్వెవరు అడగనీకి? నీకేమన్న పదవున్నదా?" అన్నాడు కార్యదర్శి.

"పదవి లేదు. గా మిషన్లు నడిపిచ్చింది నేను."

తెల్లారి నుంచి షెడ్డులో అక్కకు పని బంద్.

నేను అదే షెడ్డులో తల వంచుకుని కండెలు చుట్టాను. నా పని పోతుందని భయం. ఒక్క మాట అనలేదు. ఆ కోపం ముందు నా మీదే ఉంది, తర్వాతే మీ మీద.

భవనం వెనక పారేసిన ఆ ఆరో కంప్యూటర్‌ను అక్క ఆటోలో ఇంటికి తెచ్చుకుంది. బాగు చేయించి, అందులోనూ మింట్ వేసి, వంటింటి గోడ పక్కన పెట్టింది. బీడీలు చుట్టే చేతులతో చాలామంది అక్కడే మౌస్ పట్టుకున్నారు. సిగ్గుతో వెళ్లని నాకు ఒకరోజు తనే ఫోన్ చేసింది. "రిజల్ట్ వచ్చింది, సూస్కున్నవా? పాసైనవే" అంది. షెడ్డు ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు మీరు తాళం వేసిన ఆ గదికి "సరోజన కంప్యూటర్ కేంద్రం" అని పేరు పెడతారట. అందులో కార్యదర్శి బావమరిది ఆఫీసు నడుస్తోంది, ఎవరికి తెలియదు?

కార్యదర్శీ, నిన్న కాష్టం దగ్గర నువ్వు ఏడుస్తుంటే నా ఒళ్లు మండింది. చుట్టూ జనం ఉన్నారని కాదు, అక్కకు ఆ గొడవ వద్దని ఊరుకున్నాను.

ఆదివారం సంఘం భవనానికి వస్తున్నాం. నాతో పాటు అక్క దగ్గర నేర్చుకున్న వాళ్లందరూ. ఈసారి ఆ గది తాళంచెవి నేనే ముందు నిలబడి అడుగుతాను. బావమరిది సామాను తీయించి ఉంచు.

అక్కా, నీ పక్కన మాట్లాడాల్సిన రోజు నోరు మెదపలేదు. తప్పు నాదే.

వెళ్లి రా. ఇన్నేళ్ల కష్టం తీరేలా, ఎవరూ లేపకుండా, నిమ్మళంగా పడుకో.