రాళ్లకు రెండో వైపు

ఆ అడవి దారి పొడవునా బండల మీద, నడిచేవాళ్లకు దారి చూపే పసుపు గీతలు వేయడం ఆమె ఉద్యోగం. పద్నాలుగు రోజులు నడిస్తే గానీ తెమలని దారి అది. పాతికేళ్లుగా గీతలు వేస్తున్నా, ఆమె నడిచింది మాత్రం ముక్కలు ముక్కలుగానే. పొద్దున జీపులో దింపేవాళ్లు, గీతలు వేసుకుంటూ వెళ్లేది, సాయంత్రం అవతలి రోడ్డు మీద మళ్లీ జీపెక్కించుకునేవాళ్లు. మొత్తం దారి ఒక్క ఊపున నడిస్తే ఎలా ఉంటుందో చూడాలని ఆమెకు ఒకటే ఉబలాటం. రిటైరైన వారానికే సంచి సర్దింది. "నీ గీతలేవో నేనూ చూస్తానే," అంటూ దర్జీ పని చేసే అక్క వెంటపడింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అక్క కాలు మడతపడి, చీలమండ చూస్తూండగానే వాచిపోయింది. ముందుకు వెళ్తే జీపు రోడ్లు తగిలినా, రెండు రోజులదాకా మనిషన్నవాడు ఉండడు. వెనక్కి మూడు గంటలు నడిస్తే కాపలాదారు గది వస్తుంది. చీకటి పడేలోగా చేరాలి.

"కళ్లు మూసుకుని తీసుకెళ్తా, పద," అంది చెల్లెలు.

తీరా వెనక్కి తిరిగి చూస్తే, ఒక్క గీత లేదు! బండలన్నీ బోసిగా ఉన్నాయి. ఎప్పుడూ ముందుకే నడిచిన మనిషి కదా, ముందుకు వచ్చేవాళ్లకు కనిపించే వైపే రంగు వేసింది. సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది. ఆ వెంటనే భయం వేసింది.

"నీ దారి నీకే తెలీదా ఏమిటి?"

"నువ్విక్కడే కూర్చో అక్కా. ఆ బండ దాటి, వెనక్కి తిరిగి చూస్తా. గీతుంటే చెయ్యూపుతా."

అలా బండ బండకూ పరుగెత్తింది. కొన్ని వట్టి రాళ్లే. గీత కనబడ్డప్పుడల్లా అక్క కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చేది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నోరు మాత్రం ఆగలేదు.

"పాతికేళ్లూ వెళ్లేవాళ్ల సంగతే చూశావు. మరి కాలిరిగినవాళ్లు ఇంటికెలా పోతారే?"

చెల్లెలు అప్పటికే తర్వాతి బండ వైపు పరుగెత్తుతోంది. భయంలోనూ ఆమెకు వింతగానే ఉంది. అదే వాగు, అవే చెట్లు, ఇటునుంచి చూస్తే ఒక్కటీ ఆనవాలు పట్టలేకపోతోంది.

వెలుగుండగానే గది చేరారు.

అక్క కాలు నయమయ్యాక ఆమె రంగు డబ్బాలతో బస్సెక్కి దారి చివరికి వెళ్లింది. ఈసారి జీతమూ లేదు, జీపూ లేదు. అక్కడినుంచి ఇంటివైపు తిరిగి, ప్రతి బండకూ రెండో వైపున గీత వేసుకుంటూ మొత్తం దారి ఒంటరిగా నడిచింది. అక్క కాలు మడతపడిన చోట మాత్రం గీత బాగా పెద్దగా వేసింది, కళ్లలో నీళ్లున్నవాళ్లకు కూడా కనిపించేలా.