రాజరత్నం మాస్టారి చల్లటి గది

రాజరత్నం మాస్టారిని ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తే ఆయన తన ఒంటి సంగతి చెప్పరు, నిలబడ్డ వీధి వేడి చెబుతారు. రాజమండ్రిలో ఏ రెండు వీధుల ఎండా ఒకటి కాదని ఆయన వాదం. జాగ్రఫీ మాస్టారుగా రిటైరయ్యాక పటాలన్నీ బడికి వదిలేసి, జేబులో ఒక థర్మామీటరు, ఒక అగరుబత్తుల కట్ట వేసుకుని ఊరిమీద పడ్డారు. థర్మామీటరు వేడికి. అగరుబత్తి, గాలి ఎటు పోతోందో పొగలో చూడడానికి.

కోడలు హెలెన్‌కి ఇదంతా పెద్ద తలవంపులు. ఒక ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు మాస్టారు చర్చిలో బెంచీ బెంచీకీ అగరుబత్తి పట్టుకుని తిరిగారు. పాస్టరుగారు కంగారుగా హెలెన్‌ని పక్కకి పిలిచి, మూడు తరాల లూథరన్ కుటుంబంలో ఏం జరిగిందమ్మా అని అడిగారు. ఏమీ జరగలేదనీ, గాలి తగిలే బెంచీ వెతుక్కుంటున్నారనీ నచ్చజెప్పేసరికి ఆవిడకి ముచ్చెమటలు పోశాయి.

చుట్టాలమ్మాయికి కొవ్వూరు సంబంధం కుదిరినప్పుడు అంతకన్నా ఘోరం. కుర్రాడు బుద్ధిమంతుడు, ఉద్యోగం మంచిది, అందరూ లడ్డూలు నోట్లో పెట్టుకోబోతున్నారు. మాస్టారు గొంతు సవరించుకుని, "మీ ఇంటి పడమటి గోడకి నీడుందాండీ?" అని అడిగారు. లేదన్నాడు పెళ్లికొడుకు తండ్రి. "అయితే ఇంకో పాతికేళ్లకి మా పిల్ల కాపురం ఎండలకి పేరుపడ్డ ఆ రెంటచింతలలో ఉన్నట్టే" అన్నారు మాస్టారు. సంబంధం తప్పిపోయేదే. ఆ తండ్రి మర్నాడే గోడ పక్కన రెండు కానుగ మొక్కలు నాటించి కబురంపాడు గనక నిలిచింది.

అందాకా ఎందుకు, సొంత కొడుకు, హెలెన్ భర్త రమేష్ బాబు నదికి ఎదురుగా పై అంతస్తులో ఫ్లాటు అద్దెకి చూసొస్తే మాస్టారు ససేమిరా అన్నారు. కళ్లకి గోదావరి, ఒంటికి పెనం అని తేల్చేశారు. హెలెన్ ఉండబట్టలేక, వేడి ఊరంతా ఒకటే కదా మావయ్యగారూ అంది.

"వేడి అందరికీ పెరుగుతుందమ్మా, కానీ సమానంగా వడ్డించదు. నరసాపురానికి సముద్రం గాలుంది, చెమట పోయించినా బతకనిస్తుంది. మనకి సముద్రం దూరం. ఉన్న గోదావరి గాలికి మేడలు అడ్డం కట్టుకున్నాం. ఇక ఏ సందులోంచి దూరుతుందో వెతుక్కోవాలి."

వెతికి వెతికి చేపల బజారు వెనక ఒక కింది వాటా ఖాయం చేశారు. సామాన్లు దిగకముందే గది గదికీ పొగబెట్టి, వేపచెట్టు నీడన ఉన్న ఉత్తరపు గది తనదేనన్నారు. హెలెన్‌కీ పిల్లలకీ పడమటి గది మిగిలింది. రాత్రి కూడా గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. పెద్దాయన, పోనీలే అనుకుంది గానీ, మనసులో ఆ గోడకన్నా ఎక్కువే ఉడికింది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరి హెలెన్ పనిచేసే స్కూలుకి ఒంటిపూట పెట్టారు. మొదటిరోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసరికి మాస్టారు వీధి మెట్ల మీద, తలకి తడి తువ్వాలు చుట్టుకుని, ఎండలో కూర్చుని ఉన్నారు. గది వదిలేసి ఇక్కడేం చేస్తున్నారని అడిగితే నోటిమీద వేలేసుకుని మెల్లగా మాట్లాడమన్నారు.

హెలెన్ లోపలికెళ్లి తలుపు తోసింది. ఆ గదిలో బజారు చేపలమ్మలు వరసగా పడుకుని ఒళ్లెరగని నిద్రలో ఉన్నారు. బజారులో వాళ్ల నెత్తిమీదుండేది రేకుల కప్పు. కిందటేడు వాళ్లలో నూకరత్నం అనే ఆవిడ అక్కడే వడదెబ్బకి పడిపోతే నలుగురూ మోసుకెళ్లారు. ఆ నూకరత్నమే ఇప్పుడు మాస్టారి మంచం మీద గుర్రుపెడుతోంది.

తిరిగొచ్చి, ఇంట్లో చెబితే కాదంటామా మావయ్యగారూ అంది హెలెన్. ఆయన తువ్వాలు సర్దుకున్నారు.

"చెబితే నువ్వు నీ గది మాట ఎత్తుతావు. ఎత్తితే నాకు జవాబు లేదమ్మా. రాత్రిళ్లు పిల్లల్ని నా గదిలో పడుకోబెట్టుకో. పగలు మాత్రం అడక్కు."

ఈలోగా వాళ్లలో పెద్దదైన అచ్చాయమ్మ లేచి, కొప్పు ముడేసుకుంటూ గడపలోకొచ్చింది. హెలెన్‌ని చూసి కాస్త బెదిరింది. హెలెన్ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, గది అంత చల్లగా ఉంటుందా, అందరికీ అంత మొద్దునిద్ర పట్టేసిందే అని అడిగింది.

అచ్చాయమ్మ మాస్టారివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"గాలి బాగానే ఉంటాదమ్మా. కానీ నిద్దర గాలికి కాదు. పడుకోగానే మేష్టారు ఆ భూగోళం పాఠం ఎత్తుతారు. సముద్రం దాటకముందే అందరం పడిపోతాం."

హెలెన్ లోపలివాళ్లు లేస్తారని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెట్ల మీద కూలబడి నవ్వసాగింది. మాస్టారు మాత్రం, పాఠం అంత శ్రద్ధగా వినేవాళ్లు బళ్లో కూడా దొరకలేదని గర్వంగా చెబుతున్నారు.